ఎక్కడ ఆగాలో తెలిసిన పని

కోరుట్లలో బీడీలు చేసే ఇంట్లో కాసేపు కూర్చుంటే చూపు ఆ వేళ్ల మీదే నిలిచిపోతుంది. ఒళ్లో చాట, చాటలో నానబెట్టి రేకు కొలతకు కత్తిరించిన తునికాకు, ఒక పక్కగా తంబాకు. ఆకు వేళ్ల మధ్యకు వస్తుంది, చిటికెడు తంబాకు పరుచుకుంటుంది, బొటనవేలు ఒక్క నెట్టు నెడుతుంది, మూతి ముడుచుకుంటుంది, దారం చుట్టుకుని తెగుతుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు కాబట్టి ఈ వరుసంతా పొద్దుగూకే లోపల వందల సార్లు జరగాలి. తంబాకు కొంచెం ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే. ఆ కొలత చూసి వేసేది కాదు, వేలికొసలకు తెలిసిపోయింది.

ఈ చేతిపనిని మెచ్చుకోని వారుండరు. నేను మెచ్చుకోవాలనుకుంటున్నది ఆ చేతికి లోపలినుంచి కొలత తప్పకుండా సరుకు అందించే ఇంకో పనితనాన్ని. దాన్ని చేసేవి వినాళ గ్రంథులు. నాళాలు లేకుండా తమ రసాన్ని నేరుగా రక్తంలోకి వదిలే ఈ గ్రంథుల గురించి బడిలో అందరం చదువుకున్నాం. బొమ్మ గీసి పేర్లు రాసి మార్కులు తెచ్చుకున్నాం. వాటి పనిని మాత్రం దగ్గరగా చూసే తీరిక మనకు దొరకలేదు.

వేలు ఒక్కసారి ముడవాలంటే కండర కణంలో దాచి ఉంచిన కాల్షియం విడుదల కావాలి. వేలు సాగాలంటే అదే కాల్షియాన్ని మళ్లీ అరల్లోకి తోడెయ్యాలి. ఊరికే ఉన్న కణంలో విడిగా తిరిగే కాల్షియం, కణం బయటి ద్రవంలో ఉన్నదానిలో పదివేలో వంతు. ఈ తేడా ఉంటేనే కదలిక సాధ్యం. నరం నుంచి కండరానికి కబురు అందాలన్నా కాల్షియమే కావాలి. అందుకే రక్తంలో కాల్షియం డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యే ఉండాలి. తిన్న రోజూ అంతే, పస్తున్న రోజూ అంతే. ఒంట్లో మొత్తం కాల్షియం కిలో దాకా ఉంటుంది. అందులో నూటికి 99 వంతులు ఎముకల్లోనే. మిగిలిన ఆ ఒక్క వంతును ఇంత ఇరుకైన గీతల మధ్య నిలబెట్టేది గొంతులో, థైరాయిడ్ వెనక అతుక్కుని ఉండే నాలుగు గింజలు. పార్శ్వావటు గ్రంథులు అంటారు వాటిని. ఒక్కొక్కటి 30, 40 మిల్లీగ్రాముల బరువు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు పుట్టిన సిరిసిల్ల పక్కనే ఉంది కాబట్టి, చిన్నదానిలో ఎంత పని ఇమడగలదో ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

ఈ గింజల కణాల మీద కాల్షియాన్ని పసిగట్టే గ్రాహకాలు ఉన్నాయి. 1993లో శాస్త్రవేత్తలు వీటి నిర్మాణం తేల్చారు. రక్తంలో కాల్షియం రవ్వంత తగ్గితే చాలు, క్షణాల్లో పారాథార్మోన్ వెలువడుతుంది. అది మూడు పనులు చేయిస్తుంది. ఎముక నుంచి కొంత కాల్షియాన్ని కరిగించి రప్పిస్తుంది. మూత్రంలో పోబోయే కాల్షియాన్ని కిడ్నీ చేత ఆపిస్తుంది. అదే కిడ్నీలో విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్పించి, పేగులు తిండిలోని కాల్షియాన్ని మరింతగా పీల్చుకునేలా చేస్తుంది. మొదటి రెండు పనులు నిమిషాల్లో మొదలవుతాయి, మూడోది నింపాదిగా సాగుతుంది. తక్షణం కావలసింది అప్పుగా ఇప్పించి, ఆ అప్పు తీర్చే దారి కూడా తానే చూపిస్తుందన్నమాట. కాల్షియం గీత చేరుకోగానే అదే కాల్షియం గ్రాహకాన్ని తాకి గ్రంథి నోరు మూయిస్తుంది. అప్పటికే రక్తంలో ఉన్న పారాథార్మోన్ నాలుగైదు నిమిషాలు తిరక్కముందే చాలావరకు విరిగిపోతుంది.

నన్ను కట్టిపడేసేది ఈ విరిగిపోవడమే. 84 అమైనో ఆమ్లాలను ఒక్కటీ తప్పకుండా వరుసగా పేర్చి కట్టిన ప్రోటీన్ అది. అంత శ్రమపడి కట్టినదాన్ని ఇంత తొందరగా ఎందుకు పాడుచేసుకోవాలి? కబురు పాతబడితే అబద్ధమవుతుంది కాబట్టి. పది నిమిషాల కిందటి ఆజ్ఞ ఇంకా రక్తంలో తిరుగుతూ ఉంటే, అవసరం తీరిన తర్వాత కూడా ఎముక కరుగుతూనే ఉంటుంది. హార్మోన్లను తయారుచేయడం గొప్పే, కానీ వాటిని సమయానికి చెరిపేయడంలోనే ఈ గ్రంథుల అసలు నేర్పు కనిపిస్తుంది.

ఈ గ్రంథులు పనిచేయకపోతే ఏమవుతుందో చేతులే చెబుతాయి. థైరాయిడ్ ఆపరేషన్‌లో ఈ గింజలు దెబ్బతిన్న వారికి కాల్షియం పడిపోయి వేళ్లు కొంకర్లు పోతాయి. బీపీ పట్టీ చుట్టి గాలి ఎక్కిస్తే అరచెయ్యి దానంతటదే ముడుచుకుపోతుంది. ఈ గ్రంథుల్ని మొదట గమనించింది మనిషిలో కూడా కాదు. 1850 ప్రాంతంలో లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక భారత ఖడ్గమృగాన్ని కోసి చూస్తూ రిచర్డ్ ఓవెన్ వీటిని గుర్తించాడు. మనిషి గొంతులో ఉన్నాయని స్వీడన్‌కు చెందిన ఈవార్ సాండ్‌స్ట్రోమ్ చెప్పేసరికి 1880 వచ్చింది.

మన గడ్డ మీద ఈ గింజలు ఎంత చాకిరీ చేశాయో తెలియాలంటే నల్లగొండ దాకా వెళ్లాలి. అక్కడి నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలోకి చేరి, తేలిగ్గా కరగని గట్టి స్ఫటికంగా మారుతుంది. చూడటానికి ఎముక ఉంటుంది, అవసరానికి కాల్షియం ఇవ్వదు. పైగా తిండిలో కాల్షియం అంతంతమాత్రం. 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిన యువకులను పరీక్షించి, వారి రక్తంలో పారాథార్మోన్ హెచ్చుగా ఉన్నట్టు చూశారు. ఆ హార్మోన్ మిల్లీలీటరు రక్తంలో మామూలుగా 10 నుంచి 65 పికోగ్రాములే ఉంటుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. అంత సూక్ష్మాన్ని తూచే పద్ధతిని అమెరికాలో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ 1950ల చివర కనిపెట్టారు. 1977లో యాలోకు నోబెల్ బహుమతి వచ్చింది. గ్రంథులు వంకరపోయిన ఎముకలకు కారణం కాదు, దగా చేసిన నీళ్లతో అవి చివరిదాకా పోరాడుతున్నాయి. నల్లగొండ కథ చదివినప్పుడల్లా నాకు ఇదే తోస్తుంది. రోజంతా ఇంట్లోనే కూర్చుని, ఎండ తగలక, పాలు పెరుగు చాలక బీడీలు చుట్టే ఆడవాళ్ల గొంతుల్లోనూ ఈ గింజలు ఇలాగే ఎక్కువ పని చేయవలసి వస్తుంది. రక్తంలో కాల్షియం మామూలుగానే కనిపిస్తుంది, ఖర్చవుతున్నది ఎముక.

ఇంతకూ కణం దగ్గరకు వచ్చిన హార్మోన్ లోపలికి వెళ్లకుండానే లోపల పని ఎలా చేయిస్తుంది? ఈ ప్రశ్నకు జవాబులో మన తెలుగువాడి పేరు ఒకటి కలిసి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసి 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని కండరం నుంచి వేరుచేశాడు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. శక్తికి నాణెంగా ఏటీపీ పేరు మోగిపోయింది. దానికి ఇంకో కొలువు ఉందని ముప్ఫై ఏళ్ల తర్వాత ఎర్ల్ సదర్లాండ్ తేల్చాడు. హార్మోన్ కణం పైపొర మీది గ్రాహకాన్ని తాకగానే లోపల ఒక ఎంజైమ్ ఏటీపీని పట్టుకుని, రెండు ఫాస్ఫేట్లు తెంచి, మిగిలినదాన్ని వలయంగా వంచుతుంది. ఆ వలయమే సైక్లిక్ ఏఎంపీ. బయటి కబురును లోపల చాటేది ఇదే. పైన ఒక్క హార్మోన్ అణువు తాకితే లోపల ఈ వలయాలు ఎన్నో పుడతాయి. పికోగ్రాముల హార్మోన్ కిలోల ఎముకను శాసించగలగడం ఇందువల్లే. ఇక్కడా చెరిపే పని సిద్ధంగా ఉంది. ఈ వలయాన్ని తెంచడానికే ఇంకో ఎంజైమ్ పక్కనే కాచుకుని ఉంటుంది. సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు 1948లోనే కన్నుమూశాడు.

ఇదే వలయం గల్ఫ్ ఎండలో మనవాళ్ల ప్రాణం ఎలా కాపాడుతుందో చూడండి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫ్‌కు పోని ఇల్లు వెతుక్కోవలసిందే. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట పని నిషేధం. మిగిలిన గంటల్లో కూడా చెమట ఆగదు. నీరు తగ్గి రక్తం నూటికి ఒక్క వంతు చిక్కబడితే చాలు, మెదడు అడుగున హైపోథాలమస్‌లోని కణాలకు తెలిసిపోతుంది. పీయూష గ్రంథి వెనక భాగం నుంచి వాసోప్రెసిన్ రక్తంలోకి దిగుతుంది. కిడ్నీలు రోజుకు 180 లీటర్ల నీటిని వడపోస్తాయి. అందులో చాలా భాగం ఎవరూ చెప్పకుండానే వెనక్కి వస్తుంది. చివరి ఇరవై లీటర్ల సంగతి మాత్రం ఈ హార్మోన్ తేల్చాలి. అది అసలు లేకపోతే ఆ నీళ్లన్నీ మూత్రంగా పోతాయి. నిండుగా ఉంటే రోజుకు అర లీటరుతో సరిపెట్టగలదు.

ఆ చివరి లీటర్ల సంగతి తేలే కిడ్నీ గొట్టం గోడను కొంచెం దగ్గరగా చూద్దాం. దాని కణాల్లో చిన్న చిన్న బుడగలు ఉంటాయి. బుడగల పొరలో ఆక్వాపోరిన్ అనే నీటి దారులు సిద్ధంగా అమర్చి ఉంటాయి. వాసోప్రెసిన్ వచ్చి గ్రాహకాన్ని తాకుతుంది, లోపల సైక్లిక్ ఏఎంపీ పుడుతుంది, బుడగలు కణం అంచుకు కదిలి పైపొరలో కలిసిపోతాయి. అప్పటిదాకా నీరు చొరని గోడలో దారులు తెరుచుకుంటాయి. ఒక్కో దారిలో సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు ఒక్కొక్కటిగా వరుసలో దాటిపోతాయి. నీరు తప్ప ఇంకేదీ పట్టని ఇరుకు అది. ఈ దారులను 1992లో గుర్తించిన పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ ఇచ్చారు. మనిషి నీళ్లు తాగగానే, గొంతులో నీళ్లు దిగుతుండగానే, అవి ఇంకా రక్తంలో కలవకముందే వాసోప్రెసిన్ తగ్గడం మొదలవుతుంది. గోడలోని దారులు మళ్లీ బుడగలై లోపలికి వెళ్లిపోతాయి. కణం వాటిని పారేయదు, దాచుకుంటుంది. మరోపక్క అధివృక్క గ్రంథుల నుంచి వచ్చే ఆల్డోస్టెరాన్ వారం పది రోజుల్లో చెమటలో ఉప్పు పోవడాన్ని తగ్గిస్తుంది. కొత్తగా వెళ్లినవాడి చెమట కంటే పాతవాడి చెమటలో ఉప్పు తక్కువ. అయితే ఏ హార్మోనూ నీటిని పుట్టించలేదు, ఉన్నదాన్ని కాపాడుతుంది, అంతే. తాగనిస్తేనే, నీడ ఇస్తేనే ఈ పనితనం పనికొస్తుంది. పదేపదే నీరు ఎండిపోతే చివరికి దెబ్బతినేది ఆ కిడ్నీలే.

వాసోప్రెసిన్‌లో తొమ్మిది అమైనో ఆమ్లాలు. ఆక్సిటోసిన్‌లోనూ తొమ్మిదే. అందులో ఏడు రెండింటిలోనూ ఒకటే, రెండు చోట్ల మాత్రమే తేడా. ఆ రెండు మార్పులతో నీళ్లు దాచే హార్మోన్ పాలు దించే హార్మోన్ అయింది. విన్సెంట్ ద్యూ విన్యో 1953లో ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులు పుస్తకంలో చదివే ఈ సంగతి బర్రెలు కాసే ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. దూడను విడిచి రెండు గుక్కలు తాగనిస్తేనే బర్రె చేపుతుంది. మూతి తగిలిన స్పర్శ నరాల ద్వారా మెదడుకు చేరి, ఆక్సిటోసిన్ రక్తంలో పొదుగుకు దిగి, పాల గదుల చుట్టూ ఉన్న సన్నని కండర కణాలను నొక్కుతుంది. ఇదంతా నిమిషం పని. కొత్త మనిషిని చూసో, కుక్కను చూసో బెదిరితే చేపడం ఆగిపోతుంది, ఎందుకంటే అడ్రినలిన్ ఆ దారిని అడ్డుకుంటుంది. తల్లికి ఏడుపు వినిపించగానే రొమ్ములో పాలు పొంగడం కూడా ఇదే పని. తొందరపడి బర్రెకు రోజూ సూది పొడిచి పాలు పిండేవాళ్లు ఆ చక్కని ఏర్పాటును అవమానిస్తున్నారనే నా అభిప్రాయం.

ఆక్సిటోసిన్ ఒక్క చోట మాత్రం ఆగడం మరిచిపోయినట్టు కనిపిస్తుంది. కాన్పు నొప్పుల్లో బిడ్డ తల కిందికి ఒత్తితే ఆక్సిటోసిన్ పెరుగుతుంది, అది నొప్పిని పెంచుతుంది, నొప్పి ఇంకా ఒత్తిడి తెస్తుంది. ఆగని ఈ పెరుగుదల తానే తన ముగింపును తెచ్చుకుంటుంది. బిడ్డ బయటపడుతుంది, ఒత్తిడి పోతుంది.

చక్కెర సంగతి ఇంటింటా తెలిసిందే కాబట్టి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. మన ఒంట్లోని అయిదు లీటర్ల రక్తంలో మొత్తం గ్లూకోజు అయిదు గ్రాములు, ఒక చెంచాడు. మెదడు ఒక్కటే గంటకు దాదాపు అంత ఖర్చు చేస్తుంది. పళ్లెం అన్నం తింటే దానికి పది రెట్లకు పైగా లోపలికి వస్తుంది. అయినా క్లోమం ఇన్సులిన్, గ్లూకగాన్ అనే రెండింటితో ఆ చెంచాను చెంచాగానే ఉంచుతుంది. ఇన్సులిన్ సూది వేసుకునేవారిని అడగండి. మందు ఎక్కించడం కష్టం కాదు, అది ఎక్కడ ఆగాలో లెక్కకట్టడమే కష్టం.

సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, రాత్రిళ్లు కూడా ఆడతాయి. అధివృక్క గ్రంథుల కార్టిజోల్ మామూలుగా తెల్లవారుజామున పెరిగి మేలుకునే వేళకు శిఖరం చేరుతుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ వదులుతుంది, వెలుతురు పడితే మానేస్తుంది. రాత్రి షిఫ్టు కార్మికుడికి మెదడు పడుకోమంటున్న వేళ దీపాల వెలుతురులో నూలు తెగకుండా చూడవలసిన పని ఉంటుంది. ఒంటిలోని ఈ గడియారం కూలిపని వేళలకు అంత సులువుగా వంగదు. వారం పగలు, వారం రాత్రి అని షిఫ్టులు మార్చే ఆసాములు ఈ మాట గుర్తుంచుకోవాలి. కార్టిజోల్ కూడా పైకి వెళ్లి తన్ను పిలిచిన హైపోథాలమస్, పీయూష గ్రంథులనే ఇక చాలంటుంది. నొప్పులకో ఆయాసానికో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగినప్పుడు ఆ బయటి మందే ఇక చాలని చెప్పేస్తుంది, సొంత గ్రంథి పని మాని ముడుచుకుపోతుంది. అలాంటివారు మాత్ర ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగానే తగ్గించుకోవాలి.

ఇంత చెరిపివేత మధ్య థైరాయిడ్‌ది వేరే దారి. మిగిలిన గ్రంథులు చాలావరకు ఏ పూటకాపూట సరుకుతో బతుకుతాయి. థైరాయిడ్ రెండు మూడు నెలలకు సరిపడా హార్మోన్‌ను తనలోనే నిల్వ చేసుకుంటుంది. అది తయారుచేసే థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికి వారం పడుతుంది. కారణం దాని ముడిసరుకు. అయోడిన్ మట్టిలో, నీళ్లలో అన్నిచోట్లా ఒకేలా దొరకదు. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు, కానీ అదీ దొరకని రోజులుంటాయి. కరువు కోసం దాచుకోవడం ఈ గ్రంథికి తెలిసిన విద్య. ఎడ్వర్డ్ కెండాల్ 1914 క్రిస్మస్ రోజున స్ఫటికంగా వేరుచేసిన ఈ థైరాక్సిన్ బరువులో మూడింట రెండు వంతులు అయోడినే.

ఆ నిల్వ పుట్టుకతోనే లేని పిల్లలు మన దేశంలో సుమారు వెయ్యికి ఒకరు పుడుతున్నారు. పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే కనిపిస్తాడు, ఏడుస్తాడు, పాలు తాగుతాడు. తల్లి నుంచి అందిన హార్మోన్ కొన్నాళ్లు కాపాడుతుంది. లక్షణాలు పైకి తెలిసేసరికి మెదడు ఎదుగుదలలో తిరిగిరాని నష్టం జరిగిపోతుంది. పుట్టిన మూడు నుంచి అయిదు రోజుల మధ్య మడమ నుంచి రెండు చుక్కల రక్తం తీసి టీఎస్‌హెచ్ పరీక్ష చేస్తే చాలు, లోపం దొరుకుతుంది. రెండు వారాల లోపే మాత్ర మొదలుపెట్టి, పొడి చేసి తల్లిపాలలో కలిపి రోజూ పడితే, ఆ బిడ్డ అందరిలాగే ఎదిగి బడికి వెళతాడు. మీ ఇంట్లో, మీ వాడలో కాన్పు జరిగితే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేముందు ఈ పరీక్ష చేశారా అని అడగండి. చేయకపోతే చేయమని పట్టుబట్టండి.